పాలకొల్లు మాత్రం ఇవ్వను

ఎదురింటి వదినగారు పోయారని సిస్టరుగారు కాకినాడ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నేను పెనం మీద పెసరట్టు తిప్పుతున్నాను. "అయ్యో" అనలేదు. "ఎప్పుడు" అని అడగలేదు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "జవాబు చెప్పారా?"

"తర్వాత చెబుతానండి. ముందు అన్నయ్యగారి చేత కాస్త కాఫీ తాగించాలి" అని సిస్టరుగారు ఫోన్ పెట్టేశారు. పెసరట్టు మాడిపోయింది. మా ఆయన ఎవరు ఫోన్ అని అడిగితే చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్న ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు. పోయినవాళ్ళ గురించి మంచి మాత్రమే చదవాలనుకునేవారు ఇక్కడితో ఆపేసినా నాకు అభ్యంతరం లేదు.

మాది రామచంద్రపురంలో కాలవ గట్టుకి దగ్గరి వీధి. వదినగారు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. చుట్టరికం ఏమీ లేదు, ఎదురెదురు ఇళ్ళు కాబట్టి వదినగారూ అంటే వదినగారూ అనుకునేవాళ్ళం. ఆవిడ భర్త, ఆ వరసన నాకు అన్నయ్యగారు, రైసుమిల్లులో పనిచేశారు. మిల్లు మోతకి ఆయన చెవులు సగం పోయాయి. వాళ్ళ మేడ మీద వాటాలో సిస్టరుగారు అద్దెకుంటారు. గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళతారు, మిగతా రోజుల్లో కూడా అబద్ధం చెప్పడం చేతకాదు. నేను కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనదాన్ని. సాయంత్రం కాఫీలయ్యాక మా ముగ్గురికీ వదినగారి వసారాలో ఆట. పొడుపు కథలు, లెక్కల చిక్కులు, మాటల ఆటలు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు సీరియళ్ళు చూసుకునే వేళ మేం ముగ్గురం గొంతులు పెంచుకుని వాదించుకునేవాళ్ళం.

ఆవిడ పోయిన మర్నాడే వీధి చివర ఫ్లెక్సీ కట్టారు. ఆవిడ తమ్ముడి కొడుకు చేయించాడు. ఆధార్ కార్డు మీది ఫొటోకి రెండు పావురాలు తగిలించి, కింద "శాంతమూర్తి, మృదుభాషిణి" అని రాయించాడు. మృదుభాషిణి అట. బెండకాయలు కొనేటప్పుడు ప్రతి కాయ తోకా విరిచి చూసి, ముదిరినదాన్ని బండివాడి మొహం ముందు ఆడిస్తూ, "ఇది కూరకా, పిల్లల్ని కొట్టుకోడానికా?" అని అడిగే మనిషి మృదుభాషిణి. నేను ఆ ఫ్లెక్సీ కింద నుంచి మార్కెట్టుకి వెళ్ళాల్సి వచ్చినన్నాళ్ళూ తల దించుకుని వెళ్ళాను. అది దుఃఖమనుకున్నారు జనం.

ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలంటే మా ఆటలో ఉన్న ఆచారం చెప్పాలి. పొడుపు విప్పలేనివాళ్ళు ఊరు ఇచ్చుకోవాలి. వదినగారు దీన్ని వాళ్ళ అమ్మమ్మ దగ్గర నుంచి తెచ్చారు. ఓడినవాళ్ళు తాము కాలు పెట్టిన ఊళ్ళలోంచి ఒకటి గెలిచినవాళ్ళకి ఇచ్చేయాలి. "ఇచ్చాను" అని నోటితో అంటేనే జవాబు చెబుతారు. అంతటితో ఊరుకుంటే బాగానే ఉండేది. వదినగారు దానికి సొంత చట్టాలు కలిపారు. ఇచ్చేసిన ఊరికి ఎప్పుడైనా వెళ్ళాల్సి వస్తే కొత్త యజమానిని అడిగి వెళ్ళాలి. తిరిగొచ్చేటప్పుడు ఆ ఊరి నుంచి ఏదో ఒకటి శిస్తుగా తెచ్చి ఇవ్వాలి. జవాబు లేని పొడుపు వేసి పట్టుబడినవాళ్ళు అప్పటిదాకా గెలిచిన ఊళ్ళన్నీ ఎవరివి వాళ్ళకి ఇచ్చేయాలి. ఈ చివరి చట్టం సిస్టరుగారి మీద అనుమానంతో పెట్టారు. పాపం సిస్టరుగారికి జవాబున్న పొడుపులే సరిగ్గా గుర్తుండేవి కావు.

నేను మొదట పోగొట్టుకున్న ఊరు కొవ్వూరు. పదకొండు బారల కొబ్బరిచెట్టు ఒకటుందన్నారు. ఎక్కేవాడు నిమిషానికి మూడు బారలు ఎక్కి ఒక బార జారతాడు, పైకి చేరడానికి ఎన్ని నిమిషాలు అన్నారు. జారేది తీసేస్తే నిమిషానికి రెండు బారలు కదా, పదకొండులో సగం, ఐదున్నర అని ఠక్కున చెప్పేశాను.

"ఐదేనండి," అన్నారు వదినగారు. "ఐదో నిమిషంలో పైకి అందుకున్నాక మళ్ళీ ఎందుకు జారతాడండీ, గెల కొయ్యకుండా? మీ ఆఫీసులో బిల్లులు కూడా ఇలాగే వేసేవారా?"

సిస్టరుగారు నవ్వు ఆపుకోలేక మేడ మీదకి వెళ్ళిపోయారు. పెళ్ళయిన కొత్తలో నేను కాపురం పెట్టిన ఊరు అలా ఎదురింటావిడ పరమైపోయింది. తొందరపడి చెప్పినది జవాబు కాదు, తుమ్ము అనేవారు ఆవిడ. ఆ మాట నన్ను చూసే అనేవారు.

తర్వాత మండపేట పోయింది. ద్రాక్షారామం పోయింది. రాజమండ్రి పోయాక నాకు నిజంగా ఇబ్బంది మొదలైంది, ఎందుకంటే నా కంటి డాక్టరు రాజమండ్రిలో ఉన్నాడు. ఆటో ఇంజను ఆపకుండా మా గేటు దగ్గర నిలబడితే నేను రోడ్డు దాటి, వాళ్ళ గేటు ముందు నిలబడి, "వదినగారూ, మీ రాజమండ్రి వెళ్ళొస్తానండి" అనాలి. ఆవిడ తొందరపడకుండా వాకిట్లోకి వచ్చేవారు. "ఆయ్, వెళ్ళిరండి. గోదావరి గట్టు మీద ఎవరైనా ఉమ్ముతుంటే, ఊరు ఫలానావారిదని చెప్పి మందలించండి" అనేవారు. ఒకసారి శిస్తుగా సీసాడు గోదావరి నీళ్ళు తెమ్మన్నారు. మన కాలవలో పారేవి కూడా ఆ నీళ్ళే కదండీ అన్నాను. "కాలవ రామచంద్రపురానిదండి. రామచంద్రపురం ఇంకా నా చేతికి రాలేదుగా" అన్నారు. రేవు మెట్లు దిగి, చీర కుచ్చిళ్ళు తడుపుకుని, సీసా నింపి తెచ్చాను. ఆవిడ ఆ నీళ్ళు తులసికోటలో పోసేసి సీసా కడిగి ఇచ్చారు.

మాటల ఆటలు నావి. ఆదివారం పేపర్లో గళ్ళనుడికట్టు పూర్తి చేయకుండా నేను స్నానానికి లేచేదాన్ని కాదు. ఆవిడకి అదీ ఓర్వలేదు. పెరుగు తోడుకో, కరివేపాకుకో అని వచ్చి నా భుజం మీద నుంచి చూసి, "మూడు నిలువు తప్పండి" అని వెళ్ళిపోయేవారు. ఏది ఒప్పో చెప్పేవారు కాదు. సూచన అడగడమంటే సగం ఊరు ఇచ్చినట్టేనని ఆవిడ లెక్క. మూడు నిలువు నిజంగానే తప్పయ్యేది, అదీ నా బాధ.

నేనూ ఒకసారి గెలిచాను. నిప్పు నుంచి నీరు దాకా రమ్మన్నాను. మెట్టుకి ఒక్క అక్షరమే మార్చాలి, ప్రతి మెట్టూ అర్థమున్న మాట కావాలి. వదినగారు నిప్పు, ఉప్పు, పప్పు, కప్పు అంటూ సాయంత్రమంతా వంటింట్లోనే తిరిగారు. వాళ్ళ ఇంట్లో ఆ రోజు అన్నం కూడా మాడిందని అన్నయ్యగారు తర్వాత చెప్పారు. చివరికి సామర్లకోట ఇచ్చారు. నిప్పు, చెప్పు, చెవి, బావి, బారు, నీరు అని నేను వేళ్ళు మడిచి చెబుతుంటే ఆవిడ మొహం చూడాల్సింది. రైలెక్కడానికి సామర్లకోట వెళుతూ మా గేటు దగ్గర నిలబడి ఆవిడ నన్ను అనుమతి అడిగిన పొద్దున, నేను లోపల ఉండి కూడా తలుపు కావాలనే ఆలస్యంగా తీశాను. అంత సంతోషం నాకు రిటైర్మెంటు సన్మానంలో కూడా కలగలేదు.

ఇన్ని ఊళ్ళు పోయినా ఒక్కటి మాత్రం నా చేతిలో ఉంచుకున్నాను. నేను పుట్టింది పాలకొల్లులో. అక్కడ ఇప్పుడు మావాళ్ళెవరూ లేరు, ఇల్లు చేతులు మారి లాడ్జి అయింది. అయినా ఎప్పుడైనా మనసు బాగులేనప్పుడు రావులపాలెంలో బస్సు మారి పాలకొల్లు వెళతాను. గుడి గాలిగోపురం కనిపించే సందులో ఒక పాకలో దిబ్బరొట్టె వేస్తారు. బొగ్గుల సెగ మీద కింద ఎర్రగా కాలి, పైన మెత్తగా ఉండే మందపాటి రొట్టె. అది చెరుకు పానకంలో అద్దుకుని తిని, చేతులు కడుక్కుని, ఎవరినీ పలకరించకుండా బస్సెక్కి వచ్చేస్తాను. ఆ ఊరు వెళ్ళడానికి నేను ఎవరినీ అడగదలచుకోలేదు. అందుకే ఆట మొదలైన రోజే చెప్పేశాను, ఏ ఊరైనా ఇస్తాను, పాలకొల్లు మాత్రం ఇవ్వను అని. ఏ ఊరు ఇవ్వాలన్నది ఓడినవాళ్ళ ఇష్టం కాబట్టి వదినగారు ఏళ్ళ తరబడి ఆ మాటకి ఎదురు చెప్పలేదు.

తర్వాత ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు కారులో కాకినాడ వెళ్ళి డయాలసిస్ చేయించుకుని రావాలి. ఊరు ఊరంతా చూడడానికి వచ్చింది. వచ్చిన ప్రతివాళ్ళ చేతిలోనూ బత్తాయిల సంచీ. ఆ జబ్బుకి పళ్ళూ రసాలూ కూడదని డాక్టరు చెప్పినా ఎవరికీ పట్టలేదు. బత్తాయిలు గట్టు మీద పెట్టడం, కుర్చీ అంచున కూర్చోవడం, ఎవరెవరికి ఈ జబ్బు చేసి ఎన్నాళ్ళు బతికారో చెప్పడం, నిట్టూర్చి లేవడం. నేను కూడా వెళ్ళాను. నేను కూడా బత్తాయిలే తీసుకెళ్ళాను. గొంతు తగ్గించి, "క్రియాటినిన్ ఎంతుందటండీ?" అని అడిగాను.

వదినగారు నన్ను చాలాసేపు చూశారు. స్కూల్లో కాపీ కొట్టిన పిల్లని అలాగే చూసేవారేమో.

"ఆ సంచీ కింద పెట్టండి," అన్నారు. "ఒక పొడుపు వేస్తాను. విప్పకపోతే పాలకొల్లు ఇవ్వాలి."

"అదేంటండి? ఏ ఊరు ఇవ్వాలో ఓడినవాళ్ళ ఇష్టం కదా," అన్నాను.

"మీ ఇష్టమేనండి. విప్పేస్తే గొడవే లేదుగా."

అప్పుడు చెప్పారు. తలుపు తీస్తే రాదు. తలుపేస్తే పోదు. అందరింట్లో ఉంటుంది, ఎవరూ పిలవలేదు. పెరిగేకొద్దీ చిన్నదవుతుంది. ఏంటది?

నాకు ఒళ్ళు మండిపోయింది. జబ్బు మనిషని కూడా చూడకుండా పోట్లాడాను. మంచాన పడినవాళ్ళకి ఇలాంటి దురాశలు కూడదన్నాను. "నేను మంచాన పడలేదండి, కుర్చీలో ఉన్నాను" అన్నారు ఆవిడ. విసురుగా లేచి వచ్చేశాను. బత్తాయిలు అక్కడే ఉండిపోయాయి. మర్నాడు వాటిని సిస్టరుగారి చేత ఆసుపత్రిలో పంచిపెట్టించారట.

ఎండలు ముదిరి కాలవలు కట్టేసిన రోజుల్లో ఇది మొదలైంది. నీళ్ళు వదిలి, ఊడుపులై, చేలు పచ్చబడేదాకా సాగింది. రోజూ సాయంత్రం నేను ఒక జవాబు పట్టుకుని రోడ్డు దాటేదాన్ని. మొదట్లో కూర్చునేదాన్ని కూడా కాదు, గేటు దగ్గరే నిలబడి అడిగేదాన్ని.

"దుమ్ము," అన్నాను ఒక రోజు.

"దుమ్ము పెరిగేకొద్దీ పెద్దదే అవుతుందండి. మీ ఇంట్లో చూశానుగా."

"నీడ."

"తలుపు తీస్తే ఎండతో పాటు లోపలికి వస్తుందండి. వేస్తే పోతుంది కూడా. రెండు తప్పులు."

"కోపం."

"మీది పెరిగేకొద్దీ చిన్నదవడం నేనెప్పుడూ చూడలేదు."

అన్నయ్యగారు పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటూ ఉండేవారు. వినపడేదో లేదో తెలియదు. నేను గేటు దాకా వస్తే చాలు, లేచి గడియ తీసేవారు. కాకినాడ నుంచి వచ్చిన సాయంత్రాలు వదినగారి చెయ్యి బ్యాండేజీతో ఒళ్ళో పడి ఉండేది, కళ్ళు సగం మూసుకునే ఉండేవి. అప్పుడు కూడా నేను ఎలా ఉందని అడగలేదు. అడిగే తీరిక నాకు లేదు. "బల్లి" అనేదాన్ని. ఆవిడ కళ్ళు తెరవకుండానే, "మీరు బాగా అలిసిపోయినట్టున్నారు, ఇవాళ్టికి వదిలేయండి" అనేవారు. మర్నాటికి ఇంకా కసిగా వెళ్ళేదాన్ని.

మా ఆయన జాలిపడి ఫోన్లో కొట్టి చూశారు. ఫోను తడుముకోకుండా "జ్ఞాపకం" అని చెప్పింది. వినడానికి బాగానే ఉంది కదా అని తీసుకెళ్ళి నా సొంతదానిలా అప్పజెప్పాను.

"ఇది మీది కాదండి," అన్నారు వదినగారు వెంటనే. "ఇంత మెత్తటి మాట మీకు రాదు. ఎవరి దగ్గర తెచ్చారో వాళ్ళకిచ్చేయండి."

ఒక జవాబు మాత్రం నా దగ్గర చాలా రోజులు ఉండిపోయింది. అది మొదటి వారంలోనే తట్టింది. చెప్పలేక దాని బదులు చీపురనీ, సాలెగూడనీ ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. వాన పడుతున్న ఒక సాయంత్రం ఆవిడే అన్నారు.

"గొంతులో ఏదో పెట్టుకు తిరుగుతున్నారు. చెప్పేయండి."

"ఏం లేదండి."

"ఆట ఆడేటప్పుడు దాపరికం ఏంటండీ. చెప్పండి."

"ఆయుష్షు," అన్నాను. సిస్టరుగారు చేతిలోని మందుల డబ్బా కింద పెట్టేశారు.

వదినగారు నవ్వారు. ఆ మాటకి అలా నవ్వగలిగిన మనిషిని నేను ఇంకెవరినీ చూడలేదు. "అది రెండో రోజుకే వస్తుందనుకున్నాను. ఇన్నాళ్ళు పట్టిందేంటి? పెరిగేకొద్దీ చిన్నదవుతుంది, సరే. తలుపుల సంగతి కూడా సరే. కానీ అందరింట్లో ఉంటుందన్నానుగా. తాళం వేసిన కొంపలు లేవా? మళ్ళీ ఆలోచించండి." అని, ఆగి, "కూర్చోండి, వాన తగ్గాక వెళుదురుగాని" అన్నారు. ఆ రోజు నుంచి కూర్చోవడం మొదలుపెట్టాను. నేను గింజుకుంటూ కూర్చుంటే ఆవిడ కాలవలో నీటి మట్టం గురించీ, స్కూల్లో భాగహారం రాని పిల్లల గురించీ చెప్పుకుంటూ పోయేవారు. నా ఆలోచన చెడగొట్టడానికి చెబుతున్నారని నాకు కోపంగా ఉండేది.

కోతలు మొదలయ్యే రోజుల్లో ఒక ఉదయం నాకు ఇంకొకటి తట్టింది. పప్పు కడుగుతూ నాలుగు ముక్కలకీ సరిచూసుకున్నాను. సరిపోయింది. ఈసారి తుమ్ము కాకూడదని మళ్ళీ సరిచూసుకున్నాను. తడి చేతులతోనే బయటికి వస్తే వాళ్ళ ఇంటి ముందు కారు ఉంది. ఆవిడకి ఆయాసం ఎక్కువైంది, కాకినాడ తీసుకెళుతున్నారు. సిస్టరుగారు వెనక సీట్లో ఆవిడ తల పట్టుకుని కూర్చున్నారు. నేను కిటికీ దగ్గరకి వెళ్ళి, "వదినగారూ, దొరికిందండి" అన్నాను.

ఆవిడ చెయ్యెత్తి ఆపేశారు. "తొందరపడకండి. వచ్చాక చెబుదురుగాని."

రాలేదు. ఇందుకే నా కోపం. పెద్దమనిషి, లెక్కల టీచరు, మాట ఇచ్చి తప్పారు.

పెద్దకర్మ భోజనాల దగ్గర ఎవరెవరో కూర్చుని ఆవిడ ఎంత నెమ్మదైనవారో చెప్పుకుంటున్నారు. ఇంట్లో ఆవిడ గొంతు బయటికి వినపడేదే కాదని తమ్ముడి భార్య అంది. నాకు ఆకు ముందు కూర్చోబుద్ధి కాలేదు. సిస్టరుగారిని పెరట్లోకి లాక్కెళ్ళాను.

"చివర్లో మీరే ఉన్నారు కదా. మీకు జవాబు చెప్పే ఉంటారు," అన్నాను.

సిస్టరుగారు చీర కొంగు వేలికి చుట్టుకున్నారు. "అడిగానండి. ఊరు ఇవ్వందే చెప్పనన్నారు. మా అమ్మగారి ఊరు ఇచ్చాను."

"ఏం చెప్పారు?"

"ఊరు ఇచ్చినవాళ్ళకే కదండీ జవాబు."

"సిస్టరుగారూ, నన్ను చంపకండి."

ఆవిడ చుట్టూ చూసి మెల్లగా అన్నారు. "జవాబు లేదండి."

నాకు ముందు అర్థం కాలేదు. చెప్పలేదా అని అడిగాను. చెప్పకపోవడం కాదు, లేనే లేదన్నారు సిస్టరుగారు. నేను బత్తాయిలు తెచ్చిన రోజున అప్పటికప్పుడు నోటికొచ్చిన నాలుగు ముక్కలు అతికించారట. పాలకొల్లు అని పందెం పెడితే నేను చచ్చినా ఓటమి ఒప్పుకోనని ఆవిడకి తెలుసట. ఇదేం పనండీ, పాపం కదా అని సిస్టరుగారు అడిగితే ఆవిడ అన్న మాట ఇది: "జవాబు ఉన్న పొడుపు వేస్తే ఆవిడ విప్పేస్తారు సిస్టరుగారూ. మర్నాటి నుంచి బత్తాయిలు పట్టుకొచ్చి కూర్చుంటారు."

పెరట్లో అంటుగిన్నెల పక్కన నిలబడి నేను పోయిన మనిషిని తిట్టాను. దొంగాట అన్నాను. వేసవి నుంచి కోతల దాకా నన్ను గానుగెద్దులా తిప్పారన్నాను. రమ్మంటే రానా, కూర్చోమంటే కూర్చోనా, నోరు తెరిచి అడగడానికి ఏం రోగం అన్నాను. అంటున్నప్పుడే నాకు తెలుసు, అడిగి ఉంటే వచ్చేదాన్నే, బత్తాయిలతోనే వచ్చేదాన్ని. అది ఆవిడకి నాకన్నా ముందే తెలియడం నాకు మరీ ఒళ్ళు మంట. అప్పుడే ఏడుపు కూడా వచ్చింది. అందరూ పెరట్లోకి చూస్తుంటే సిస్టరుగారు నన్ను గోడ వైపు తిప్పి నిలబెట్టారు.

నేను కాస్త తేరుకున్నాక సిస్టరుగారు చట్టం గుర్తు చేశారు. "జవాబు లేని పొడుపు కదండీ. మీ ఊళ్ళన్నీ మీకు వచ్చేసినట్టే. రాజమండ్రి, కొవ్వూరు అన్నీ. ఇక ఎవరినీ అడగక్కర్లేదు."

"రాలేదు," అన్నాను. "జవాబు ఉంది."

"ఏంటండీ?"

"అలవాటు."

సిస్టరుగారు పెదాలు కదుపుతూ సరిచూశారు. తలుపు తీస్తే రాదు, వేస్తే పోదు. అందరింట్లో ఉంటుంది, ఎవరూ పిలవలేదు. ముదిరిన కొద్దీ మనకి చిన్న విషయంలానే కనిపిస్తుంది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "సరిపోయిందండీ. అయితే ఆవిడ తప్పేం లేదు. మీరే గెలిచారు. పాలకొల్లు మీదే."

"ఆయ్, నాదే," అన్నాను. నా బతుకులో ఆవిడ మీద అంత శుభ్రంగా గెలిచింది అదొక్కసారే. దాన్ని చూడడానికి ఆవిడ లేరు. అది కూడా కావాలనే చేశారని నాకు ఇప్పటికీ అనుమానం.

నా మెదడు ఇంకా తుప్పు పట్టలేదంటే అది ఆ మనిషి చలవే. రిటైరైన మర్నాడు వాకిట్లో ఏం చేయాలో తెలియక నిలబడితే, ఎదురు గేటులోంచి "కొబ్బరిచెట్టు లెక్క ఒకటుందండి" అని పిలిచింది ఆవిడే. కృతజ్ఞత ఉంది. కృతజ్ఞత ఉన్నంత మాత్రాన కోపం పోవాలని ఎక్కడా లేదు.

కిందటి వారం మనసు బాగుండలేదు. ఎవరినీ అడగకుండా పాలకొల్లు వెళ్ళాను. దిబ్బరొట్టె తిన్నాను. డబ్బులిచ్చి లేస్తూ ఇంకొకటి కట్టమన్నాను. ఎవరికని ఆ పాక మనిషి అడగలేదు, నేనూ ఆలోచించలేదు. రావులపాలెంలో బస్సు మారాక, ఒళ్ళో వేడిగా తగులుతున్న పొట్లం చూసుకుంటే తెలిసింది. పాలకొల్లుకి శిస్తు లేదు. అది నా ఊరు.

ఆటో దిగేసరికి సాయంత్రమైంది. మా వీధిలో ఇళ్ళ ముందు ధాన్యం ఆరబోసి ఉంది. ఎదురింటి వసారాలో అన్నయ్యగారు ఒక్కరే పేపరుతో కూర్చున్నారు, పక్కన ఆవిడ పేము కుర్చీ ఉంది. నేను ధాన్యం తొక్కకుండా అంచు మీద నడుచుకుంటూ ఆ గేటు దగ్గరకి వెళ్ళి నిలబడ్డాను. ఆయన తలెత్తి పొట్లం చూశారు.

"ఏ ఊరి నుంచండీ?"

"పాలకొల్లండి."

ఆయన పేపరు మడిచారు. "అది ఇవ్వలేదుగా మీరు. ఆవిడ ఎంత అడిగినా."

ఇన్నేళ్ళూ ఆయనకి ఏమీ వినపడదనుకున్నాం.

"ఇచ్చేశానండి," అన్నాను.

ఆయన లేచి వచ్చి గేటు గడియ తీశారు.